ఖాళీ డబ్బా ఎలా పంపుతాను?

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలెవరైనా మా ఇంటికొచ్చి "ఆంటీ, మీరు ఏం జాబ్ చేస్తారు?" అని అడిగితే చాలు, నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకుంటారు. "ఊళ్ళలో వాళ్ళ ఇంటర్నెట్ కట్ చేయించే ఉద్యోగం" అంటారు. అసలే నాకు ముక్కు మీద కోపం. నిజానికి నేను పనిచేసింది ఇంటర్నెట్ ఇప్పించే ఆఫీసులో. కాకపోతే ఆ ఆఫీసులో నా సీటు మాత్రం, తప్పు చేసినవాళ్ళని పట్టుకుని బయటికి పంపే సీటు. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఈయన ఇన్నేళ్ళుగా నన్ను ఏడిపిస్తున్నారు.

వివరంగా చెప్తాను వినండి. కెనడాలోని విన్నిపెగ్‌లో మాదొక చిన్న సర్కారీ సెక్షను. దూరపు ఊళ్ళలో బడులకీ లైబ్రరీలకీ ఇంటర్నెట్ బిల్లులో పెద్ద భాగం ప్రభుత్వమే భరించే పథకం మాది. సాయం పుచ్చుకునే బడికీ లైబ్రరీకీ కొన్ని షరతులున్నాయి. కనీసం మూడు కంపెనీలని పిలవాలి. ముగ్గురికీ బిల్డింగు చూపించాలి. నిజాయితీగా ఒకరిని ఎంచుకుని, అంతా సవ్యంగా జరిగిందని సంతకం పెట్టాలి. కంపెనీ వాళ్ళ దగ్గర కాఫీ కప్పు కూడా పుచ్చుకోకూడదు. ఇందులో మోసం జరిగితే ముందు నోటీసు వెళ్తుంది, సబ్సిడీ ఆగిపోతుంది, జవాబు చెప్పుకోవడానికి నెల రోజులు ఇస్తారు. ఆ జవాబు నచ్చకపోతే పథకం నుంచి మూడేళ్ళు డిబార్. డిబార్ అంటే మనకి పరీక్షలో చీటీలతో దొరికినవాడే గుర్తొస్తాడు కదా, ఇదీ అలాంటిదే.

ఆ రూల్సు నాకు కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా పేజీ నంబరుతో సహా చెప్పేదాన్ని. అదొక గొప్ప అనుకునేదాన్ని అప్పట్లో.

మా మేనేజరమ్మ ఆరడుగుల మనిషి. వాళ్ళ తాతలు ఉక్రెయిన్ నుంచి వచ్చి ఈ ప్రెయిరీ మైదానాల్లో గోధుమ పండించారట. ఎంత పెద్ద మీటింగులోనైనా చేతిలో సూదులు పెట్టుకుని ఉన్ని మేజోళ్ళు అల్లుతూ కూర్చునేది. ఆ సూదులు ఆగాయంటే ఎవరికో మూడిందన్నమాట. నా పక్క సీట్లో మా ఫైళ్ళ డేటా చూసే అబ్బాయి ఉండేవాడు, తమ్ముడూ అని పిలిచేదాన్ని. వరంగల్ కుర్రాడు, నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న, నన్ను ఆటపట్టించడానికే ఆఫీసుకొస్తున్నాడా అనిపించేది.

కోవిడ్ గొడవ సద్దుమణిగాక, ఒక మార్చి నెలలో వాడే పిలిచాడు.

"అక్కా, ఇటు రా జర. ఈ లైబ్రరీ ఫైల్ల మూడు కొటేషన్లు చూసినవా? మూడు కంపెనీలు, మూడు లెటర్‌హెడ్లు. లోపల మ్యాటర్ మాత్రం ఒక్కటే ఉన్నది."

"అన్ని కంపెనీలూ అలాగే రాస్తాయి కదరా. తేడా ఏముంది?"

"పై ఫ్లోరుకు వైరు గుంజుతమని ముగ్గురూ రాసిన్రు. అక్షరం పొల్లుపోలేదు. ఫైల్లో ఉన్న ఫొటో చూడు, దానికి పై ఫ్లోరు ఉన్నట్టు కొడుతుందా నీకు?"

ఫొటోలో సగం మంచే ఉంది. ఏమీ తెలియలేదు. సరే, కళ్ళతో చూసి వస్తానని బయల్దేరాను. విన్నిపెగ్ నుంచి ఉత్తరానికి ఆరు గంటల డ్రైవ్. దారంతా మంచు, కరెంటు స్తంభాలు, మధ్యలో ఒక గ్యాస్ స్టేషను, అదే పెట్రోలు బంకు. అంతే.

ఆ ఊరి లైబ్రరీ ఒకప్పుడు కిరాణా కొట్టట. లోపల అడుగుపెట్టగానే బూట్లు పెట్టే పెద్ద ట్రే, పక్కన బుట్టనిండా ఉన్ని చెప్పులు, స్టూలు మీద ఒక లావాటి రిజిస్టరు. వెనక నిలబడ్డావిడకి డెబ్బై దగ్గరపడి ఉంటాయి. ఆ ఊరికి ఆవిడే లైబ్రేరియను, ఆవిడే స్వీపరు, పొద్దున్నే గుమ్మం ముందు మంచు తవ్వేదీ ఆవిడే.

"బూట్లు విప్పి, పేరు రాసి, టీ తాగు. ఆ తర్వాత ఎవరివో చెప్పు" అంది. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే అయినా, మా పెద్దమ్మ మాట్లాడినట్టే వినపడింది నాకు.

టీ పుచ్చుకుని, ఆఫీసరు గొంతు పెట్టుకుని అడిగాను. "పైకి వెళ్ళే మెట్లు ఎటున్నాయి?"

"పైకా?" ఆవిడ ఇంటి కప్పు కేసి చూసింది. "పైన రేకులున్నాయి. ఆ పైన దేవుడున్నాడు."

నవ్వు ఆపుకోలేకపోయాను. లేని మేడకి ముగ్గురు మూడు కొటేషన్లు ఇచ్చారన్నమాట!

"మూడు కంపెనీల వాళ్ళూ వచ్చి చూసుకున్నారని మీరు సంతకం పెట్టారు కదా, నిజంగా వచ్చారా?"

ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రిజిస్టరు తెచ్చి పేజీ తిప్పి నా ముందు పెట్టింది. "ఇక్కడ బూట్లు విప్పకుండా, పేరు రాయకుండా లోపలికి ఎవరూ రారు. మేయరైనా అంతే. ఆ రోజు వచ్చింది ఒక్కడే. మిగతా ఇద్దరూ దారిలో ఉన్నారు, మధ్యాహ్నానికి వస్తారు, ఈలోపు మీరు సంతకం పెట్టేస్తే కాగితాలు నేనే తీసుకెళ్తానన్నాడు. పెట్టేశాను. వాళ్ళు రాలేదు. తప్పే చేశాను."

నేను గబగబా రాసుకుంటున్నాను. ఆవిడే మళ్ళీ అంది. "ఇంకోటి కూడా రాసుకో. వెళ్తూ వెళ్తూ లైబ్రరీకి ఒక కెటిల్ ఇచ్చాడు. మంచి కెటిల్. ఇప్పుడు నువ్వు తాగుతున్న టీ అందులో కాచిందే."

సాక్ష్యం సగం అప్పటికే నా కడుపులో ఉంది. మిగతా సగం కప్పులో ఉంది. ఏం చేస్తాను, కప్పు పక్కన పెట్టేశాను.

మూలన కంప్యూటరు ముందు ఒకాయన కూర్చుని లెక్కలు చేస్తున్నాడు. యాభై ఏళ్ళుంటాయి, చేటలంత చేతులు. ఏళ్ళ తరబడి ట్రక్కు నడిపి, నడుం దెబ్బతిని మానేశాడట. హైస్కూలు చదువు పూర్తిచేస్తే పక్క ఊరి హాస్పిటల్లో డెస్కు ఉద్యోగం ఇస్తామన్నారట. పరీక్షలు జూన్‌లో, అన్నీ ఆన్‌లైన్‌లోనే. ఇంటి దగ్గర సిగ్నల్ ఒక గంట ఉంటే రెండు గంటలు ఉండదు. మా మాటలన్నీ విన్నాడేమో, కుర్చీ తిప్పి అడిగాడు.

"ఇక్కడ ఇంటర్నెట్ ఆపేస్తారా, మేడం?"

"ప్రాసెస్ ప్రకారం జరుగుతుంది" అన్నాను.

పిల్లలూ, మీరు ఉద్యోగాల్లో ఎన్ని తప్పులు చేసినా ఫరవాలేదు కానీ, భయపడుతున్న మనిషికి ఆ జవాబు మాత్రం చెప్పకండి. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బయల్దేరబోతుంటే లైబ్రేరియనమ్మ నాలుగు లీటర్ల ఐస్‌క్రీం డబ్బా ఒకటి పట్టుకొచ్చింది. ఈ ప్రెయిరీల్లో ఐస్‌క్రీం తినేశాక ఆ డబ్బా పారేసేవాళ్ళు ఉండరు. సూపు, బటన్లు, మేకులు, అన్నీ అందులోనే. ఈ డబ్బాలో పెరోగీలున్నాయి. అంటే లోపల బంగాళాదుంప కూరి, మన కజ్జికాయల్లా చుట్టి ఉడకబెడతారు. ఆరు గంటల దారి, తినమంది. పుచ్చుకోకూడదండీ, రూలు ఒప్పుకోదని గట్టిగా చెప్పి వచ్చేశాను. దారిలో గ్యాస్ స్టేషను దగ్గర కోటు కోసం కారు వెనక డోరు తీద్దును కదా, సీటు మీద ఆ డబ్బా దర్జాగా కూర్చుని ఉంది! నేను బూట్లు తొడుక్కునేలోపు ఎప్పుడు పెట్టేసిందో మహాతల్లి.

మర్నాడు పొద్దున్నే ఆఫీసులో చెప్పేయాలనుకున్నాను. కానీ ఆ రాత్రే మా అమ్మాయి వాటిని వెన్నలో దోరగా వేయించింది. మా ఆయన పక్కన ఆవకాయ వేసుకున్నారు. నేను ఒక్కటే రుచి చూద్దామని కూర్చుని, లెక్క మర్చిపోయాను. తిన్నాక ఇంకేం చెప్తాం? నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత పది రోజులు కూర్చుని రెండు నోటీసులు తయారుచేశాను. ఒకటి కంపెనీ యజమానికి. ఆ మూడు కంపెనీలూ ఆయనవేనని మా తమ్ముడు అప్పటికే తవ్వి తీశాడు. రెండోది లైబ్రరీకి, లైబ్రేరియనమ్మ పేరుతో. చూడకుండా సంతకం పెట్టింది, కెటిల్ పుచ్చుకుంది. "బహుమతి చిన్నదైనా పెద్దదైనా, పుచ్చుకోవడం పుచ్చుకోవడమే" అని ఒక వాక్యం కూడా రాశాను. రాసి, నాలుగుసార్లు చదువుకుని మురిసిపోయాను.

మేనేజరమ్మ చదివింది. "గట్టిగా ఉంది. నిజంగా ఇదే పంపాలంటావా?"

"రూలు అదే కదా" అన్నాను. ఆవిడ సంతకం పెట్టింది.

ఇక్కడే నా బుర్ర గురించి ఒక మాట చెప్పాలి. అందులో ఆఫీసుది ఒక గది, వంటింటిది ఒక గది. మధ్యలో తలుపు లేదు. ఆఫీసు గది నోటీసు పోస్టు చేసిన వారంలోనే, వంటింటి గదికి కౌంటరు మీద కడిగి బోర్లించిన ఐస్‌క్రీం డబ్బా కనపడింది. మా కాకినాడలో పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళిన దాఖలా లేదు. ఏమీ లేకపోతే మా అమ్మ గుప్పెడు పంచదార అయినా వేసి పంపేది. ఖాళీ గిన్నె ఇస్తే ఆ ఇంటిని అవమానించినట్టే. ఈస్టరుకి చర్చిలో పంచడానికి గులాబి పువ్వులు చేసి ఉన్నాను. అచ్చుని పిండిలో ముంచి, కాగే నూనెలో విదిలిస్తే విచ్చుకుంటాయే, అవి. డబ్బా నిండా పేర్చి, విరక్కుండా మధ్యలో టిష్యూలు పెట్టి, శుభ్రంగా కొరియర్ చేశాను. మనసులో ఎక్కడా చిన్న అనుమానం కూడా రాలేదు, ఒట్టు.

రెండూ ఒకే రోజు చేరాయి.

ఆ మధ్యాహ్నం మేనేజరమ్మ నన్ను గదిలోకి పిలిచింది. ఫోను స్పీకరులో ఉంది. లైబ్రేరియనమ్మ గొంతు.

"నాకొక చిన్న సందేహం ఉందండీ. ఇవాళ పోస్టులో మీ ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కెటిల్ పుచ్చుకున్నందుకు నన్ను మూడేళ్ళు బయట పెడతామన్నారు. సరే, తప్పు చేశాను. కానీ ఇవాళే కొరియర్లో ఆ ఉత్తరం రాసినావిడే నాకొక డబ్బాడు పువ్వుల బిస్కెట్లు కూడా పంపింది. ఇవి కూడా పుచ్చుకోకూడదా? ఉత్తరం చదివేలోపే నాలుగు తినేశాను. ఆ నాలుగింటికీ ఎన్నేళ్ళు పడుతుంది?"

సూదులు ఆగిపోయాయి.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం మాట అలా ఉంచండి, నేను నెత్తిన గుమ్మడికాయ పెట్టుకుని వీధిలో నిలబడ్డాను.

ఫోను పెట్టేశాక మేనేజరమ్మ అడిగింది. "డబ్బాలో నీకేమైనా వచ్చిందా?"

"పెరోగీలు."

"తిన్నావా?"

"తిన్నాను."

"మరి అవి ఎందుకు పంపావు?"

"ఖాళీ డబ్బా ఎలా పంపుతాను?"

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. నన్ను ఉద్యోగంలోంచి తీసేయాల్సి వచ్చిందని ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు, నవ్వుతోంది. కళ్ళు తుడుచుకుని అంది. "మా బామ్మ కూడా పంపేది కాదు. అయినా ఫారం నింపాల్సిందే. నీ మీద నువ్వే. ఈ రోజు నుంచి ఆ ఫైలు నీది కాదు. విచారణకి మాత్రం సాక్షిగా రా."

సీటు దగ్గరికొచ్చేసరికి మా తమ్ముడు ఎదురుచూస్తున్నాడు. "కంచే చేను మేసిందట కదక్కా? ఎన్నేండ్లు డిబార్ చేస్తరంట నిన్ను?"

"నోర్ముయ్యరా."

"చర్చి కోసం చేసినవి నాకు ఒక్కటి కూడ పెట్టలే. ముందు ఆ కంప్లయింట్ రాసుకో ఫారంల."

ఇంట్లో మా అమ్మాయి అయితే "మమ్మీ, యూ ఆర్ సో బస్టెడ్!" అని సోఫాలో పడి దొర్లింది. మా ఆయన రెండు రోజులు నాకు టీ కప్పు అందిస్తూ "ఇది బహుమతి కాదు సుమా" అంటూనే ఉన్నారు. నేను పైకి నవ్వాను కానీ, నిద్ర పట్టలేదు. నా ఉద్యోగం గురించి కాదు. సబ్సిడీ ఆగింది. తన దగ్గర ఉన్నదానితో లైబ్రరీ మే నెలాఖరు దాకా నెట్టుకొస్తుంది. ఆ తర్వాత కనెక్షను కట్. ఆ పెద్ద చేతులాయన పరీక్షలు జూన్‌లో.

మే మధ్యలో విచారణ. కంపెనీ యజమాని లాయరుతో సహా వచ్చాడు. కోటు, సెంటు, మంచి వాటం. లైబ్రేరియనమ్మ తెల్లవారుజాము బస్సెక్కి వచ్చింది. ఒక చేతిలో రిజిస్టరు, ఇంకో చేతిలో సంచి. మీటింగు గది గుమ్మం దగ్గర ఆగి, వంగి, బూట్లు విప్పి పక్కన పెట్టి, సంచిలోంచి ఉన్ని చెప్పులు తీసి వేసుకుని లోపలికి వచ్చింది. మా మేనేజరమ్మ ఒక్క క్షణం చూసి, లేచి, తన బూట్లు కూడా విప్పేసింది. ఇంక మేమందరం విప్పక తప్పలేదు. పాపం లాయరు గారి మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు ఉంది.

యజమాని చాలా బాగా మాట్లాడాడు. మూడు కంపెనీలూ వేర్వేరు మనుషులవేనట, ముగ్గురూ స్వయంగా వెళ్ళి కొలతలు తీసుకున్నారట, ఆ ముసలావిడ రిజిస్టరులో రాయడం మర్చిపోయిందట. మేనేజరమ్మ మేజోడు అల్లుతూనే అడిగింది.

"పై ఫ్లోరుకి మెట్లు ఎటువైపున్నాయి?"

"వెనకవైపు" అన్నాడు తడుముకోకుండా. "కొంచెం ఇరుకు మెట్లు."

లైబ్రేరియనమ్మ నవ్వు మొదలుపెట్టింది. ఆగలేదు. "ఎక్కావా నాయనా? రేకుల మీదికా?" అంటూ బల్ల మీద చెయ్యి కొట్టి మరీ నవ్వింది. లాయరు తన కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

నవ్వు తగ్గాక ఆవిడ సంచిలోంచి కెటిల్ తీసి బల్ల మీద పెట్టింది. తళతళా తోమి తెచ్చింది. "నా తప్పు నాదే. చూడకుండా సంతకం పెట్టాను. కావాలంటే నన్ను డిబార్ చేయండి. లైబ్రరీని వద్దు. నేను లేకపోయినా అక్కడికి మనుషులు వస్తారు. ఒకాయనకి పరీక్షలున్నాయి."

మేనేజరమ్మ నా వైపు చూసింది. నేను లేచాను. ఇంట్లో రాసుకుని వెళ్ళిన మూడు పేజీలు బ్యాగులోనే ఉండిపోయాయి.

"ఆ నోటీసు రాసింది నేనే" అన్నాను. "పుచ్చుకోవడం పుచ్చుకోవడమే అని గొప్పగా రాశాను. ఈవిడకి రూలు సరిగ్గా తెలియదు. అయినా నేను అడగకముందే కెటిల్ సంగతి చెప్పారు. అడిగిన మరుక్షణం రిజిస్టరు తెరిచారు. ఈ మోసం బయటపడింది ఆ రిజిస్టరు వల్లే. నాకు రూల్సన్నీ కంఠతా వచ్చు. అయినా డబ్బా సంగతి దొరికిపోయేదాకా చెప్పలేదు. మా ఇద్దరిలో ఎవరు నిజాయితీపరులో నాకు తెలుసండీ. అది నేను కాదు."

కూర్చున్నాను. లైబ్రేరియనమ్మ బల్ల కింద నుంచి నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. అది కూడా రూల్సుకి విరుద్ధమే అయ్యుంటుంది.

వారంలో తీర్పు వచ్చింది. యజమానికీ, ఆయన మూడు కంపెనీలకీ మూడేళ్ళ నిషేధం. లైబ్రేరియనమ్మకి హెచ్చరిక, ఒక రోజు ట్రైనింగు. లైబ్రరీకి సబ్సిడీ ఆ రోజు నుంచే మళ్ళీ మొదలు, కొత్త టెండరు పిలిచేదాకా ఉన్న కనెక్షనే నడుస్తుంది. నాకు చావు తప్పి కన్ను లొట్టపోయింది. సర్వీసు రికార్డులో ఒక మందలింపు, దానితో పాటు ఒక శిక్ష. కొత్తగా చేరేవాళ్ళందరికీ "బహుమతులు పుచ్చుకోరాదు" అనే పాఠం ఇకమీదట నేనే చెప్పాలి! మేనేజరమ్మ ఏరికోరి వేసిన శిక్ష అది. లైబ్రేరియనమ్మ ఖాళీ డబ్బాని ఆఫీసుకి తిప్పి పంపింది. మూత మీద "ఖాళీగా పంపుతున్నందుకు క్షమించాలి, రూలు" అని రాసి ఉంది. నాలుగేళ్ళు ఆ డబ్బా ముందు పెట్టుకునే పాఠం చెప్పాను. అంత శ్రద్ధగా ఏ క్లాసులోనూ ఎవరూ విని ఉండరు.

జూలైలో ఆఫీసు చిరునామాకి ఒక కార్డు వచ్చింది. పెద్ద పెద్ద అక్షరాలు. అన్ని సబ్జెక్టులూ పాస్, లెక్కల్లో గట్టెక్కాను, ఆగస్టులో డెస్కు ఉద్యోగంలో చేరుతున్నాను అని. కింద ఒక్క వాక్యం ఉంది. "మీ ప్రాసెస్ బాగానే జరిగింది, మేడం." ఆ కార్డు పట్టుకుని వాష్‌రూములోకి వెళ్ళి హాయిగా ఏడ్చి వచ్చాను. మా తమ్ముడు అది చూసి ఆ ఒక్క రోజు మాత్రం ఏమీ అనలేదు.

నేను రిటైరయ్యింది మొన్న శుక్రవారం. కేకు కోశారు, మేనేజరమ్మ తను అల్లిన మేజోళ్ళు ఇచ్చింది. మరుసటి సోమవారం పొద్దున్న డోర్‌బెల్ మోగింది. కొరియరు. ఫోము పెట్టె విప్పితే, ఐస్ ప్యాకుల మధ్య నాలుగు లీటర్ల ఐస్‌క్రీం డబ్బా, దాని నిండా పెరోగీలు. మూత మీద వణికే చేతిరాత. "మీ ఆఫీసు కుర్రాడిని అడిగి మీరు రిటైరయ్యే తేదీ కనుక్కున్నాను. రూల్సు మొత్తం చదివాను. మీరిప్పుడు ప్రభుత్వం మనిషి కాదు. ఇక తినొచ్చు."

ఆ రాత్రి ఆవకాయతో తిన్నాం, ఈసారి లెక్క పెట్టలేదు. ఇవాళ డబ్బా కడిగి కౌంటరు మీద బోర్లించాను. ఇంతకుమించి రాయడానికి తీరిక లేదు. పొయ్యి మీద నూనె కాగింది, అచ్చు వేడెక్కింది.